ముందు పద్దు చూడు, పొగడ్త తర్వాత

చిరంజీవి అమ్మడుకి పెదనాన్న ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. అమెరికా స్వాతంత్ర్య యుద్ధం రోజుల్లో ఫ్రెంచ్ వర్తకులు పారిస్‌లోని అమెరికన్ రాయబారులకి రాసిన ఉత్తరాల మీద పని మొదలుపెట్టానన్నావు, సంతోషం. నాలుగు చదివేసరికి తల తిరిగిపోయిందని కూడా రాశావు. తిరగదూ మరి! సగం ఉత్తరం నిండా స్వేచ్ఛ, ధర్మం, ఆ రాయబారుల్లో ఒకరైన బెంజమిన్ ఫ్రాంక్లిన్ గారి కీర్తి. వాటిని వదిలేసి కింద నుంచి పైకి చదువు. సంతకానికి పైనున్న నాలుగు వరుసల్లో అసలు సంగతి బయటపడుతుంది. హుండీ (సొమ్ము చెల్లించమని రాసిచ్చే వర్తకపు చీటీ) చెల్లించమనో, సరుకు కొనమనో, మా రేవుకి నన్నే కాన్సుల్‌ని, అంటే అమెరికా ప్రతినిధిని చెయ్యమనో అడుగుతాడు.

తేదీల దగ్గర జాగ్రత్త. ‘7’ అంకె వేసి పక్కన ‘బ్ర్’ అని గిలికితే అది జులై కాదు, సెప్టెంబర్. ఫ్రెంచ్‌లో ఏడుని ‘సెత్’ అంటారు కదా, దాన్ని అలా వాడుకున్నారు. 8 వేస్తే అక్టోబర్, 9 వేస్తే నవంబర్, రోమన్ పది వేస్తే డిసెంబర్. ఇది తెలియక నేను ఒక అక్టోబర్ ఉత్తరాన్ని ఆగస్టులో పెట్టి, జవాబు ముందొచ్చి ప్రశ్న తర్వాత వెళ్ళినట్టు ఇరవై పేజీల వ్యాసం రాశాను. సెమినార్‌లో ఒకాయన లేచి నెమ్మదిగా అడిగాడు. ఆ మధ్యాహ్నం నాకు అన్నం సయించలేదు.

లెక్కలకొస్తే, అప్పటి ఫ్రెంచ్ డబ్బులో ఒక లీవ్రుకి 20 సోలు, ఒక సోలుకి 12 దినియేలు. మన పాత రూపాయి, అణా, పైసల్లాంటి వ్యవహారమే. 12 లీవ్రుల 15 సోల 6 దినియేలకి 9 లీవ్రుల 8 సోల 9 దినియేలు కలిపితే 22 లీవ్రుల 4 సోల 3 దినియేలు. కాల్‌క్యులేటర్ మీద చుక్క పెట్టి కొట్టావో, అంతా తప్పే. 1777లో ఫ్రాన్స్ ప్రభుత్వం తరఫున పొగాకు గుత్త పట్టిన ఫెర్మియే జెనెరాల్ వాళ్ళతో రాయబారులు చేసుకున్న ఒప్పందం మీద ఒకసారి చెయ్యి తిప్పి చూడు. 5,000 పెద్ద పీపాల వర్జీనియా పొగాకు, పౌను బరువుకి 8 సోలు. పీపాకి సుమారు వెయ్యి పౌన్లు వేసుకో, 20 లక్షల లీవ్రులు తేలతాయి. అందులో 10 లక్షలు ముందే బయానా పుచ్చుకున్నారు. సముద్రమంతా ఇంగ్లీషు యుద్ధనౌకలే కాబట్టి పొగాకు మాత్రం సరిగ్గా చేరలేదు. గుంటూరు పొగాకు కంపెనీలో గుమాస్తాగా చేసిన మీ తాతయ్య ఉంటే, సరుకు కళ్ళజూడకుండా సగం సొమ్మిచ్చిన ఆ గుత్తేదార్లని చూసి ఒక నవ్వు నవ్వేవారు.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైంది. ప్రతి పద్దు దగ్గరా ఇది అప్పా, దానమా అని అడుగు. ఈ ఒక్క ప్రశ్న బోమార్షే కొంప ముంచింది. నాటకాలు రాసే ఆ పెద్దమనిషి 1776లో పారిస్‌లో ‘రోడెరీగ్ ఓర్తలేజ్ అండ్ కంపెనీ’ అని బోర్డు పెట్టాడు. పేరుకే వర్తక సంస్థ. ఫ్రాన్స్ రాజు ఖజానా నుంచి 10 లక్షల లీవ్రులు, స్పెయిన్ నుంచి మరో 10 లక్షలు గుట్టుగా అందాయి. అటు అమెరికా నుంచి రాయబారి సైలాస్ డీన్ కూడా వర్తకుడి వేషంలోనే వచ్చాడు. తుపాకులు, ఫిరంగులు, మందుగుండు పంపిస్తే బదులుగా పొగాకు పంపుతామని మాట. ‘యాంఫిత్రీత్’ ఓడ లె హావ్ర్ రేవు నుంచి బయల్దేరి 1777 వసంతంలో న్యూ హాంప్‌షైర్‌లోని పోర్ట్స్‌మత్ చేరింది.

సరుకు చేరాక ఇంకో రాయబారి ఆర్థర్ లీ, అదంతా ఫ్రెంచ్ రాజు ఉచితంగా ఇచ్చింది, డబ్బు కట్టక్కర్లేదు అని అమెరికన్ కాంగ్రెస్‌కి చెప్పాడు. రాజు పేరు బయటపెట్టకూడదు కాబట్టి బోమార్షే గట్టిగా కాదనలేడు. మింగలేడు, కక్కలేడు. 1783లో ఫ్రాంక్లిన్ సంతకం చేసిన పత్రంలో, ఫ్రాన్స్, అమెరికాల మధ్య 1778లో కుదిరిన ఒప్పందానికి ముందే 30 లక్షల లీవ్రులు దానంగా ముట్టాయని ఉంది. రాయబారుల బ్యాంకరు ఫెర్డినాన్ గ్రాన్ పుస్తకంలో 20 లక్షలే జమ. మిగతా పది లక్షలు ఎవరికిచ్చారో ఫ్రెంచ్ ప్రభుత్వం చెప్పనంది. చివరికి 1794లో రసీదు నకలు దొరికింది. తేదీ 1776 జూన్ 10, సంతకం బోమార్షేది. ఆ పది లక్షలూ ఆయనకివ్వాల్సిన బాకీలోంచి కొయ్యాలని అమెరికా పట్టుబట్టింది. ఆయన 1799లో పోయాడు. 1835లో వారసులకి 8 లక్షల ఫ్రాంకులిచ్చి సరిపెట్టారు.

డీన్ సంగతి ఇంకో రకం. వెనక్కి పిలిపిస్తే రసీదులు పారిస్‌లో వదిలేసి వెళ్ళాడు. ఆయన వారసులకి డబ్బు ముట్టింది 1842లో. అందుకే వీళ్ళలో ఎవరినైనా దొంగ అని రాసే ముందు ఆవర్జా (ఖాతా పుస్తకం) రెండు వైపులా చూడు. ‘దువా’ అని తలకట్టున్నది ఖర్చు వైపు, ‘అవ్వార్’ అన్నది జమ.

ఒకే ఉత్తరం మూడు నాలుగు ప్రతులు కనిపిస్తే కంగారుపడకు. ఓడ పట్టుబడుతుందని తలా ఒక ఓడలో వేసేవాళ్ళు. కొన్ని ప్రతులు ఇంగ్లండ్‌లో కూడా దొరుకుతాయి. రాయబారుల పక్కనే పనిచేసిన ఎడ్వర్డ్ బాన్‌క్రాఫ్ట్ బ్రిటిష్ గూఢచారి. సమాచారం సీసాలో పెట్టి పారిస్‌లోని త్యూయిలరీ తోటలో చెట్టు దగ్గర దాచేవాడు. వాడి ద్రోహం పుణ్యమా అని మనకి చాలా కాగితాలు మిగిలాయి.

చదవలేకపోతున్నానన్న నాంత్ రేవు వర్తకుడి ఉత్తరం పండక్కి వచ్చేటప్పుడు పెద్ద సైజులో ప్రింట్ తీయించి తీసుకురా. ఫోన్‌లో చూపిస్తే నాకు ఆనదు. భూతద్దం తుడిచి పెడతాను.

ఇట్లు,
పెదనాన్న