తట్టుకునే రకమే వేశాం, మరి తెగులెందుకొచ్చింది?

ప్రశ్న: మాది కాలువ కింద నాలుగెకరాలు. ఏటా సాంబ మసూరి (5204) వేస్తాం. పోయినేడు ఎండాకు తెగులుతో బాగా నష్టపోయాం. ఈసారి తెగులు రాదంటే ఇంప్రూవ్డ్ సాంబ మసూరి వేశాం. ఇప్పుడు చిరుపొట్ట దశలో ఆకుల మీద మచ్చలొచ్చాయి, ఫొటో పంపుతున్నాను. మందుల షాపులో ఎండాకు తెగులేనని స్ట్రెప్టోసైక్లిన్ (బాక్టీరియాను చంపే మందు) ఇచ్చారు. రాదన్న తెగులు ఎలా వచ్చింది? విత్తనం నకిలీదా? ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది. (ఓ రైతు, బాపట్ల జిల్లా)

జవాబు: ముందు ఆ మందు కొట్టకండి, మిగతాది తర్వాత మాట్లాడుకుందాం. మీ ఫొటోలో మచ్చలు నూలుకండె ఆకారంలో ఉన్నాయి, రెండు కొసలు సన్నగా, మధ్యలో బూడిద రంగు, చుట్టూ ముదురు గోధుమ అంచు. అది అగ్గి తెగులు, శిలీంధ్రం వల్ల వచ్చేది. ఎండాకు తెగులు బాక్టీరియా వల్ల వస్తుంది, దాని తీరే వేరు. ఆకు కొన దగ్గర మొదలై అంచుల వెంబడి అలలు అలలుగా పసుపు చార కిందికి దిగుతుంది, తర్వాత ఆ మేరంతా ఎండుగడ్డి రంగుకు తిరుగుతుంది. పొద్దున్నే మంచు ఆరకముందు చేలోకి దిగి చూస్తే ఆ చార మీద పాలరంగు బొట్లు సన్నగా కనిపిస్తాయి, ఎండెక్కేసరికి అవే గట్టిపడి పసుపు పూసలవుతాయి. ఇంకా అనుమానం ఉంటే చార, పచ్చ భాగం రెండూ వచ్చేలా ఆకును అడ్డంగా కత్తిరించి, గాజు గ్లాసులో తేట నీళ్లు పోసి, కోసిన కొస మునిగేలా పెట్టండి. కొద్ది నిమిషాల్లో ఆ కొస నుంచి తెల్లటి జిగురు ధారగా నీళ్లలోకి దిగితే బాక్టీరియా ఉన్నట్టు. పైసా ఖర్చు లేని పరీక్ష ఇది, షాపుకు వెళ్లే ముందు చేసుకోవాల్సింది.

ఈ మచ్చల్ని చూసి విత్తనం నకిలీదని మాత్రం అనలేం. సాంబ మసూరి 1986లో బాపట్ల నుంచి విడుదలైన రకం. సన్న గింజ, అన్నం రుచి, అమ్మబోతే మంచి ధర, ఇన్నేళ్లయినా రైతులు దాన్ని వదలకపోవడానికి కారణం అదే. కానీ తెగుళ్లకు తొందరగా లొంగుతుంది. అందుకే హైదరాబాద్‌లోని వరి పరిశోధన సంస్థ (ఇప్పటి ఐఐఆర్ఆర్), జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు కలిసి ఎండాకు తెగులును అడ్డుకునే మూడు జన్యువులను సంకరం ద్వారా దానిలోకి తెచ్చి, 2008లో ఇంప్రూవ్డ్ సాంబ మసూరిగా ఇచ్చారు. ఆ మూడూ ఒక్కోటి ఒక్కో దారిలో అడ్డుపడతాయి. ఆఫ్రికా అడవి వరి నుంచి వచ్చిన ఎక్స్ఏ-21 అనే జన్యువు బాక్టీరియాను కణం పైపొర దగ్గరే గుర్తుపట్టి మొక్కను అప్రమత్తం చేస్తుంది. ఎక్స్ఏ-13 పని నాకు అన్నిటికంటే ముచ్చటగా అనిపిస్తుంది. మామూలు వరిలో బాక్టీరియా ఆకులోకి దూరాక, మొక్కలో చక్కెరను కణం బయటికి పంపే జన్యువును తన తిండి కోసం తానే ఆన్ చేసుకుంటుంది, ఎక్స్ఏ-13 ఉన్న మొక్కలో ఆ స్విచ్ దాని మాట వినదు. ఎక్స్ఏ-5 అయితే బాక్టీరియా పంపే ప్రోటీన్లు మొక్క జన్యువుల్ని తమకు కావాల్సినట్టు నడిపించుకోకుండా చేస్తుంది. ఒక్క జన్యువే ఉంటే బాక్టీరియా కాస్త మారి దాన్ని దాటేసే ప్రమాదం ఉంది, మూడింటినీ ఒకేసారి దాటడం చాలా కష్టం, అందుకే మూడు పెట్టారు.

అయితే ఈ మూడింటిలో ఒక్కటి కూడా అగ్గి తెగులును ఆపదు, దోమపోటునూ ఆపదు. "తెగులు రాదు" అని మీకు చెప్పినవాళ్లు "ఎండాకు తెగులు" అని పూర్తిగా చెప్పి ఉంటే ఈ తిప్పలు ఉండేవి కావు. ఏ రకం కొన్నా, ఏ తెగులును తట్టుకుంటుంది అని పేరు పెట్టి అడగండి, దేనికి లొంగుతుందో కూడా అడగండి, ఈ రెండో ప్రశ్న దాదాపు ఎవరూ అడగరు.

ఇప్పుడు చేయాల్సింది: యూరియా వేయడం ఆపండి, పొలం ఆరిపోకుండా చూసుకోండి. ఐసోప్రొథయోలేన్ అనే శిలీంధ్రం మందు లీటరు నీటికి 1.5 మి.లీ. చొప్పున పిచికారీ చేయండి, కొట్టే ముందు ఒకసారి మీ మండల వ్యవసాయాధికారికి చేను చూపించండి. వెన్ను బయటికొచ్చే సమయంలో మెడవిరుపు (అగ్గి తెగులే వెన్ను మెడకు సోకడం) రాకుండా చూసుకోవడం ముఖ్యం, ఆకు మచ్చ కంటే అసలు నష్టం అక్కడే. పాత 5204 వేసిన మీ పక్కవాళ్లకు ఎండాకు తెగులే వస్తే, దాన్ని నయం చేసే మందు లేదని చెప్పండి. యూరియా ఆపి, నీళ్లు తీసేసి, ఆ నీళ్లు కింది మడిలోకి పోకుండా చూసుకోవాలి. ఇంకో మాట, నాట్లప్పుడు నారు కొసలు తుంచే అలవాటు మానేయాలి, బాక్టీరియాకు ఆ గాయమే వాకిలి.

ప్రశ్న: ఇంప్రూవ్డ్ సాంబ మసూరి బియ్యం జీఎం (జన్యుమార్పిడి) బియ్యమట కదా, తినొచ్చా? దాని విత్తనం ఇంట్లో దాచుకోవచ్చా? (ఓ పాఠకురాలు, హైదరాబాద్. పొలం మా అన్నయ్య చేస్తాడు.)

జవాబు: జీఎం కాదమ్మా, నిశ్చింతగా తినండి. వరిని వరితోనే సంకరం చేశారు, వచ్చిన మొక్కల్ని మళ్లీ మళ్లీ సాంబ మసూరితోనే కలుపుతూ పోయారు. ల్యాబ్ పని ఎక్కడుందంటే, ప్రతి తరంలో చిన్న ఆకు ముక్క తీసి డీఎన్ఏ పరీక్షతో ఆ మూడు జన్యువులు ఏ మొక్కలో ఉన్నాయో చూసుకుని, వాటినే ముందుకు తీసుకెళ్లడంలో. ఆ పరీక్ష లేకపోతే మూడూ ఒకే మొక్కలో ఉన్నాయో లేదో పైకి చూసి చెప్పడం సాధ్యం కాదు.

విత్తనం దాచుకోవచ్చు, హైబ్రిడ్ కాదు కాబట్టి అదే గుణం నిలుస్తుంది. కోతకు ముందు అన్నయ్యను చేలో తిరిగి తేడాగా ఉన్న మొక్కల్ని పీకేయమనండి. నూర్పిడిలో పాత 5204తో కలవకూడదు, గింజ చూసి రెండింటినీ వేరు చేయడం ఎవరి వల్లా కాదు.

ప్రశ్న: కంది పూత మీద ఉండగా అక్కడో మొక్క ఇక్కడో మొక్క వాడి ఎండిపోతున్నాయి. మొక్కల మొదళ్లలో మందు పోశాం, ఆగలేదు. ఇంకొన్ని మొక్కలు ఎండట్లేదు కానీ గుబురుగా పెరిగి పూతే లేదు. రెండూ ఒకటేనా? వచ్చే ఏడు ఏ రకం వేయాలి? (ఓ యువ రైతు, తాండూరు దగ్గర)

జవాబు: రెండూ వేర్వేరు తెగుళ్లు బాబూ. ఎండుతున్న మొక్కను పీకి కాండాన్ని నిలువునా చీల్చి చూడు. లోపల చెక్క మీద నల్లటి గీతలు పైదాకా పాకి ఉంటే అది ఎండు తెగులు, బయట కూడా నేల దగ్గర నుంచి ఊదారంగు పట్టీ ఒకటి పైకి లేచి ఉంటుంది. ఆ శిలీంధ్రం వేరు నుంచి దూరి నీళ్లు పైకెక్కే గొట్టాల్లోనే కాపురం పెడుతుంది, అందుకే మొదళ్లలో ఎంత మందు పోసినా లాభం లేదు. ఆ ఖర్చు ఇక్కడితో ఆపెయ్.

గుబురుగా ఉన్నవి వెర్రి తెగులు మొక్కలు. ఆకులు చిన్నవై, లేత పసుపు, ఆకుపచ్చ కలగలిసి కనిపిస్తాయి. కంటికి కనిపించనంత చిన్న నల్లి ఒకటి వైరస్‌ను మోసుకొస్తుంది. ఈ తెగులును 1931లోనే గుర్తించారు, కానీ కారణం ఫలానా వైరస్ అని తేలడానికి దాదాపు 70 ఏళ్లు పట్టింది, అందులో మన పటాన్‌చెరులోని మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ శాస్త్రవేత్తలది పెద్ద పాత్ర. కారణం తెలియని రోజుల్లో కూడా వాళ్లు తట్టుకునే రకాల కోసం వెతకడం ఆపలేదు, తెగులు సోకిన ఆకును మంచి మొక్క ఆకుకు పిన్నుతో తగిలించి, నల్లులు పాకేలా చేసి ఏది నిలబడుతుందో చూసేవాళ్లు.

ఎండు తెగులుకు వాళ్లు చేసే పని ఇంకా మొండిది. చచ్చిన కంది మొక్కల్ని ముక్కలు చేసి ఒకే మడిలో ఏటా కలిపి దున్నుతారు, నేలంతా రోగంతో నిండేదాకా. ఆ రోగాల మడిలో కొత్త రకాల వరసల మధ్య తెగులుకు లొంగే ఐసీపీ 2376 అనే రకాన్ని కూడా విత్తుతారు. అది పూర్తిగా ఎండితేనే మడిలో రోగం సరిగా ఉన్నట్టు, అప్పుడు పక్కన పచ్చగా నిలబడ్డదే నిజంగా తట్టుకునే రకం. ఒక రకానికి "తట్టుకుంటుంది" అని రాయడానికి ముందు జరిగే పరీక్ష ఇది, ఎవరో చెప్పిన నోటి మాట కాదు.

అలా నిగ్గుతేలిన మారుతి (ఐసీపీ 8863) ఎండు తెగులును బాగా తట్టుకుంది, వెర్రి తెగులుకు మాత్రం లొంగిపోయింది. రెండింటికీ నిలబడేలా 1993లో ఆశ (ఐసీపీఎల్ 87119) వచ్చింది. నీ చేలో రెండు తెగుళ్లూ ఉన్నాయి కాబట్టి నీకు ఆశే సరి. అయితే కాలం కాస్త ఎక్కువ తీసుకుంటుంది, లోతైన నల్లరేగడిలో బాగుంటుంది, తేలిక చల్కలో చివర బెట్టకు దెబ్బతినే అవకాశం ఉంది, నీ నేల ఏదో నువ్వు రాయలేదు. ఎంత తట్టుకునే రకమైనా రోగం నిండిన నేలలో దాని మీదే భారం వేయడం సరికాదు. ఎండిన మొక్కల్ని మోళ్లతో సహా పీకి కాల్చెయ్, ఆ శిలీంధ్రం మోళ్లలో మూడేళ్లదాకా బతుకుతుంది. వీలైతే ఒక ఏడాది ఆ చేలో జొన్న వెయ్, లేదంటే కందిలో జొన్న అంతర పంటగా వేసినా ఎండు తెగులు తగ్గుతుంది. విత్తనానికి ట్రైకోడెర్మా విరిడి (రోగ శిలీంధ్రాన్ని అణిచే మేలు శిలీంధ్రం) కిలోకు 10 గ్రాములు పట్టించు. గట్ల మీద పాత కంది మొక్కలు మిగిలి ఉంటే తీసెయ్, నల్లి ఎండాకాలమంతా తలదాచుకునేది వాటి మీదే.

ప్రశ్న: యాసంగి వరి నాటి 25 రోజులైంది. చేను ఎదగకుండా గిడసబారింది, ఆకులు తుప్పు పట్టినట్టయ్యాయి. తెగులని రెండుసార్లు మందు కొట్టాం, మార్పు లేదు. మూడోది ఏది కొట్టాలి? (ఓ రైతు దంపతులు, కరీంనగర్ జిల్లా)

జవాబు: ఏదీ కొట్టొద్దు. పైనుంచి మూడో నాలుగో ఆకు పట్టుకుని వంచి చూడండి. పెళుసుగా శబ్దం చేస్తూ విరిగిందంటే, మధ్య ఈనె మొదట్లో పాలిపోయి ఉందంటే, అది తెగులు కాదు, జింకు లోపం. దీన్ని రోగమని పొరబడటం మీతో మొదలు కాదు. ఉత్తరాదిన హిమాలయాల దిగువనున్న తెరాయి ప్రాంతంలో ఖైరా పేరుతో వరిని పట్టి పీడించింది ఇదే, 1960లలో పంత్‌నగర్‌లో డాక్టర్ వై.ఎల్. నెనె అది జింకు లోపమని తేల్చేదాకా ఎవరికీ మందు దొరకలేదు. ఆయనే తర్వాత పటాన్‌చెరు వచ్చి కంది తెగుళ్ల మీద ఏళ్లపాటు పనిచేశారు.

లీటరు నీటికి 2 గ్రాముల జింకు సల్ఫేట్ కలిపి ఐదు రోజుల తేడాతో రెండు మూడుసార్లు కొట్టండి. యాసంగిలో చలికి వేళ్లు మందగించి జింకు సరిగా అందదు, చేలో ఎప్పుడూ నీళ్లు నిలిచి ఉన్నా అంతే, కాబట్టి ఒకసారి నీళ్లు తీసి ఆరగట్టండి. వచ్చే పంటకు ఆఖరి దమ్ములో ఎకరాకు 20 కిలోల జింకు సల్ఫేట్ వేయండి, కానీ డీఏపీతోనో సూపర్ ఫాస్ఫేట్‌తోనో కలిపి చల్లకండి, భాస్వరంతో కలిస్తే జింకు మొక్కకు అందకుండా పోతుంది. రెంటికీ మధ్య రెండు మూడు రోజులన్నా తేడా ఉంచండి. పిచికారీ చేసేటప్పుడు కూడా మిగిలిన పురుగు మందు ట్యాంకులో కలిపేయొద్దు, జింకు ఒక్కటే విడిగా కొట్టండి.