వైన్స్‌కు దరఖాస్తు పెడతానంటున్న మేనకోడలికి

బిడ్డా,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి, "ఆడపిల్ల వైన్స్ పెట్టుడేందిరా తమ్ముడూ, నువ్వన్నా చెప్పు" అని ఒకటే ఏడుపు. ఆమెను ఎలాగో సముదాయించి ఫోన్ పెట్టేశాను కానీ ఆ తర్వాత నాకే నిద్ర పట్టలేదు. ఆడపిల్లవని కాదు. హనుమకొండలో ఒక వైన్స్‌లో గుమస్తాగా లెక్కలు రాసి రాసి కళ్ళు పోగొట్టుకున్నవాణ్ణి. నాకో మాట చెప్పకుండా పరకాల దుకాణానికి దరఖాస్తు పెట్టాలని ఎలా అనుకున్నావు? ముందు ఆ కోపం తీరనీ, తర్వాత మిగతావి చెప్తాను.

గర్వం లేదని అనను. మీ తాత మోకు, ముస్తాదు కట్టుకుని కల్లు గీయడానికి తాటిచెట్లెక్కిన మనిషి. ఎక్సైజ్ జవాను వాడకట్టులోకి వస్తే, తప్పేమీ లేకున్నా భుజం మీది తువ్వాల తీసి చేతిలో పట్టుకుని నిలబడేవాడు. ఆయన మనవరాలు అదే ఆఫీసుకు సొంత పేరుతో, చేతిలో డీడీతో పోతానంటే లోపల ఎక్కడో సంతోషంగానే ఉంది. కల్లుగీసే మన గౌడ్లకు వైన్స్‌లలో 15 శాతం కోటా పెట్టారు, రాష్ట్రంలోని 2,620 దుకాణాల్లో 393 మనవాళ్ళవి. మంచిదే. కానీ ఆ కోటా వచ్చినప్పటి నుంచే మనవాళ్ళ కులం సర్టిఫికెట్లకు గిరాకీ కూడా పెరిగింది. ఆ సంగతికి వస్తాను.

ముందు మామూలు మాటలు. గెజిట్‌లో నువ్వనుకున్న దుకాణం నంబరు, ఏరియా నీ కళ్ళతో చూసుకో. పాన్, ఆధార్, కులం సర్టిఫికెట్‌లో పేరు ఒక్క తీరుగా ఉందో లేదో చూడు. పెళ్ళయ్యాక నీ ఇంటిపేరు రెండు రకాలుగా రాస్తున్నావు. జిరాక్సులు ఎక్కువే పెట్టుకో.

ఇక డబ్బు. దుకాణాలు లాటరీ తీసి ఇస్తారు. పోయినసారి, 2023లో, దరఖాస్తు ఫీజు 2 లక్షలు, ఈసారి, 2025లో, 3 లక్షలు. తగలకపోతే ఒక్క రూపాయి వెనక్కి రాదు. 2023లో లక్షా 31 వేల పైచిలుకు దరఖాస్తులు పడ్డాయి. లాటరీ తీయకముందే, ఒక్క సీసా అమ్మకముందే సర్కారుకు 2,639 కోట్లు వచ్చాయి. సగటున దుకాణానికి యాభై మంది. కాబట్టి ఆ 3 లక్షలు పోయినట్టే లెక్క వేసుకుని పెట్టు. మీ అమ్మ పుస్తెలతాడు మాత్రం తాకట్టుకు పోవద్దు. అది పోయిందంటే నేను మీ ఇంటి గడప తొక్కను.

తగిలిందనుకో, అసలు టెన్షన్ అప్పుడు మొదలవుతుంది. ఎక్సైజ్ ట్యాక్స్ జనాభాను బట్టి ఉంటుంది. 5 వేలు దాటి 50 వేల లోపు జనాభా ఉన్న చోట ఏడాదికి 55 లక్షలు. పరకాల అందులోకే వస్తుంది. దాన్ని ఆరు వాయిదాల్లో కట్టాలి, అంటే రెండు నెలలకోసారి తొమ్మిది లక్షల పైన. మొదటి వాయిదాకు డ్రా అయ్యాక ఆలోచించుకునే టైమే ఇవ్వరు. బ్యాంకు గ్యారంటీ వేరే. సర్కారు మద్యం డిపోలో సరుకు అప్పు పుట్టదు. డబ్బు ముందు కట్టాలి, లారీ తర్వాత వస్తుంది. లారీ వచ్చాక పెట్టెలు లెక్కపెట్టడం హమాలీలకు వదిలేయకు. ఒక్కో పెట్టెను చెవి దగ్గర పెట్టుకుని కొంచెం ఊపు. నిండు పెట్టె చప్పుడు బరువుగా ఉంటుంది, లోపల ఒక్క సీసా పగిలినా గలగలమంటుంది. అడుగున చెయ్యి పెట్టి చూడు, అట్ట తడిగా ఉందంటే అక్కడే రాయించుకో. సంతకం పెట్టాక పగిలిన సీసా నీదే.

ఇక మడిగె, అదే దుకాణం పెట్టే గది సంగతి. నువ్వు ఫోటో పంపిన షట్టర్ బాగానే ఉంది కానీ, దాని వెనక గుడి ఉందని నాకు గుర్తు. బడి, గుడి, దవాఖాన నుంచి 100 మీటర్లు దూరం ఉండాలి. నువ్వు అడుగులేసి కొలిచిన లెక్క పనికిరాదు, అధికారులు వచ్చి కొలిచిందే లెక్క. భూపాలపల్లి పోయే పెద్దరోడ్డు మీద అంటున్నావు. జాతీయ, రాష్ట్ర రహదారులకు 500 మీటర్ల లోపల మందు అమ్మొద్దని 2016 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. 20 వేల లోపు జనాభా ఉన్న ఊళ్ళకు మరుసటేడు దాన్ని 220 మీటర్లు చేసింది. మున్సిపాలిటీ లోపల ఆ అడ్డు లేదని కూడా 2017లోనే చెప్పింది. కాబట్టి నీ షట్టర్ మున్సిపాలిటీ హద్దులో ఉందా, దాటిందా అన్నది ముందు తేల్చుకో. లాటరీ తగిలిందని తెలిసిన రోజే మడిగె ఓనరు కిరాయి మూడింతలు చెప్తాడు. 'తగిలితే ఇంత, తగలకపోతే ఏమీ లేదు' అని ఇప్పుడే కాగితం రాయించుకో.

ఇప్పుడు నేను ఈ ఉత్తరం ఎందుకు రాస్తున్నానో ఆ సంగతి. మీ ఆయన దోస్తులు, ఆ ప్లాట్లు అమ్మేవాళ్ళు, "పైసలు మేం పెడతాం, అక్కా, నీ పేరు ఇస్తే చాలు" అన్నారని మీ అమ్మ మాటల మధ్యలో చెప్పింది. ఆమెకు అది చిన్న విషయం. నాకు మాత్రం చెమట పట్టింది.

మీ చిన్నమామ ఆటో ఎందుకు అమ్ముకున్నాడో నీకు తెలుసా? తాగి పోగొట్టుకున్నాడని మీరందరూ అనుకుంటారు. వాడు జన్మలో మందు ముట్టలేదు. వాడు ముట్టింది పెన్ను.

2010లో దుకాణాలు లాటరీలో రావు, టెండర్‌లో వచ్చేవి. ఎవరు ఎక్కువ ఫీజు రాస్తే వాళ్ళకే. పెద్దపెద్దోళ్ళు ముఠాగా కలిసి సిండికేట్లు కట్టి, తెల్ల రేషన్ కార్డు ఉన్న కూలీల పేర్లు, డ్రైవర్ల పేర్లు పెట్టి వేసేవాళ్ళు. మీ చిన్నమామ ఆటో అడ్డాకు ఒకడు వచ్చాడు. నెలకింత ఇస్తాం, నువ్వు చెయ్యాల్సింది సంతకమే అన్నాడు. ఇంట్లో ఎవ్వరికీ చెప్పలేదు. చెక్కుబుక్కు తెచ్చిస్తే మంచం మీద కూచుని మొదటి ఆకు నుంచి ఆఖరి ఆకు దాకా ఖాళీ చెక్కుల మీద సంతకాలు పెట్టాడు. చివరికొచ్చేసరికి చెయ్యి నొప్పి పుట్టి సంతకం వంకర పోయిందట, అది కూడా నవ్వుతూ చెప్పాడు నాకు. వాడి పేరు మీద ఉన్న దుకాణానికి వాడు పోయింది ఒక్కసారే, ఎవరిదో పెళ్ళికి బీరు పెట్టె కోసం. కౌంటర్ పిల్లగాడు వాణ్ణి గుర్తుపట్టలేదు, ఎమ్మార్పీ మీద ఇంకింత తీసుకుని పంపించాడు. ఓనరుకే టోపీ.

2011 ఆఖరులో లంచాల కేసులు పట్టే ఏసీబీ వాళ్ళు రాష్ట్రమంతా సిండికేట్ల మీద పడ్డారు. ఆటో అడ్డాకు వచ్చిన పెద్దమనిషి ఫోన్ ఆ వారంలోనే మూగబోయింది. అంతకుముందే ఓ పల్లెలో కిరాణా కొట్టులో బెల్టు సరుకు, అంటే లైసెన్సు లేకుండా దొంగచాటుగా అమ్మే మందు, దొరికితే, సీసాల మీది బ్యాచ్ నంబర్లు పట్టుకుని మన వాడి దుకాణం దాకా వచ్చారు. కేసు ఎవరి మీద? లైసెన్సు మీద పేరున్నవాడి మీద. ఆ తర్వాత ఒకరోజు మధ్యాహ్నం భోజనం వేళకు వాడు నా దగ్గరికి వచ్చాడు. ఆటో పర్మిటు, ఇన్సూరెన్సు పెట్టుకునే ప్లాస్టిక్ కవరులోంచి ఇంగ్లీషు కాగితం ఒకటి తీసి, "అన్నా, ఇన్సూరెన్సోళ్ళు ఏమో పంపిండ్రు, చూడు" అన్నాడు. ఇన్‌కమ్ ట్యాక్స్ నోటీసు అది. వాడి పాన్ నంబర్ మీద కోట్ల వ్యాపారం నడిచిందట, లెక్క చెప్పమని. నాకు చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. వాడు అన్నం పెట్టించుకుని, పచ్చిపులుసు బాగుందని ఇంకోసారి వేయించుకుని తిన్నాడు. నేను ఏం చెప్పాలి వాడికి?

ఆడిటరుకు, వకీలుకు ఆటో పోయింది. చిన్నత్త కమ్మలు పోయాయి. రేషన్ కార్డు తీసేశారు. ఆ మాట బయటపడితే పరువు పోతుందని, తాగుబోతన్న పేరైనా నయమని వాడే అట్లా ఊరుకున్నాడు. వాడి చిన్నబిడ్డ పెళ్ళి కూడా అయిపోయింది కాబట్టి ఇప్పుడు రాస్తున్నాను. నువ్వు మాత్రం వాడి దగ్గర ఎత్తకు.

2012లో టెండర్ పోయి, ఫీజు ఫిక్స్ చేసి లాటరీ పెట్టారు. పేర్లు అరువు తీసుకునే అలవాటు మాత్రం పోలేదు. అప్పుడు తెల్లకార్డు కావాల్సి వచ్చింది, ఇప్పుడు కులం సర్టిఫికెట్.

అందుకని మీ ఆయన దోస్తులు నిజంగా పెట్టుబడి పెడతామంటే, పేర్లతో సహా కాగితం మీదికి రమ్మను. ఎవరి వాటా ఎంత, నష్టం వస్తే ఎవరు ఎంత కడతారు, రాయమను. బ్యాంకు ఖాతా నీ చేతుల్లో ఉండాలి, ఓటీపీ నీ ఫోన్‌కే రావాలి. ఖాళీ చెక్కు మీద సంతకం దేవుడు అడిగినా పెట్టకు. లైసెన్సు ఇంకొకరికి లీజుకిచ్చి ఇంట్లో కూచుంటానంటే రూల్స్ ఒప్పుకోవు. కౌంటర్‌లో నిలబడే ప్రతి పిల్లగాడికీ నౌకర్నామా, అంటే దుకాణంలో పనిచేసేందుకు ఎక్సైజ్ వాళ్ళిచ్చే అనుమతి కాగితం, తీయించు. వాడు 21 ఏళ్ళు నిండని పోరగాళ్ళకు అమ్మినా, చల్లదనం చార్జి అని పది రూపాయలు ఎక్కువ గుంజినా, కేసు నీ మీదికే వస్తుంది. బెల్టుకు పెట్టెలు పంపితే అమ్మకం రెండింతలవుతుందని చెప్పేవాళ్ళు మొదటి వారంలోనే వస్తారు. ఫంక్షన్ హాల్లో రిసెప్షన్ ఉందని పెట్టెలకు పెట్టెలు అడిగితే ఈవెంట్ పర్మిట్ చూసి, జిరాక్సు తీసుకుని ఇవ్వు. ఇవన్నీ విని వాళ్ళు "అక్కా, నీకు మా మీద నమ్మకం లేదా" అంటే, మా మామకు లేదని చెప్పు. ఆ చెడ్డపేరు నేను మోస్తాను.

2025 డిసెంబర్ 1న మొదలై 2027 నవంబర్ 30 దాకా లైసెన్సు. 2026 జనవరి ఆఖరులో మేడారం జాతర, పరకాల మీదుగా జనం ఎట్లా పోతారో నీకు చెప్పక్కర్లేదు. ఆ నాలుగు రోజుల గల్లా చూసి ఏడాదంతా అంతే అనుకోకు. ఎన్నికలొస్తే పోలింగ్ ముగిసే టైంకు ముందు 48 గంటలు షట్టర్ దించాలి, గాంధీ జయంతికి మూతే, వాయిదా మాత్రం ఆగదు. 1995 జనవరి 16న నిషేధం వచ్చి మా దుకాణం మూతపడ్డప్పుడు ఓనరు గోదాములో కూచుని ఏడవడం చూశాను. రెండేళ్ళకు మళ్ళీ తెరిచారు కానీ ఆయన తెరవలేదు. సర్కారు ఇచ్చే వ్యాపారం ఇది, ఎప్పుడేం చేస్తుందో సర్కారుకే తెలియదు. కాబట్టి మీ ఆయన ఉద్యోగం మాత్రం మానిపించకు.

ఇంకొకటి, రాత్రి గల్లా డబ్బు పట్టుకుని పరకాల నుంచి హనుమకొండకు నువ్వు స్కూటీ మీద రావద్దు. ఎవ్వరూ తోడు లేకపోతే ఫోన్ చెయ్, నేనే వస్తాను. నాకు కళ్ళు కనపడవని మీ అత్త నవ్వుతుంది, నవ్వనీ.

మీ అమ్మకు నేను చెప్తాను. నువ్వు ఆదివారం ఇంటికి రా, ఆ దోస్తులు రాసుకొచ్చిన అగ్రిమెంటు పట్టుకుని. వాట్సాప్‌లో పంపకు, నాకు కనపడదు. పెద్ద అక్షరాల్లో ప్రింటు తీయించు, ఒక్క పేజీ కూడా వదలకుండా. సంతకం చేసి మాత్రం తేకు.

మీ మామ