పక్కవాద్యానికి కూర్చునే ముందు

చి. వైదేహికి ఆశీస్సులు.

దసరాకి గుళ్లో పాటకచేరీకి పక్కన ఫిడేలు వాయించడానికి ఒప్పుకున్నావని మీ నాన్న చెప్పాడు. పొంగిపోయాను. ఆ వెంటనే నీ కుడిచెయ్యి గుర్తొచ్చి గుండె గుభేలుమంది.

శ్రుతి సంగతి నీకు చెప్పక్కర్లేదు. అదనంగా ఒక సెట్టు తీగలు పెట్టుకో.

నా భయమల్లా ఒక్కటే. మృదంగం జోరందుకుని నీ ఫిడేలు నీకే వినపడకపోతే కమానుని నొక్కేస్తావు. మొదట్నుంచీ నీకున్న రోగమే అది. నొక్కితే నాదం పెరగదే తల్లీ! కమాను వెంట్రుకలు తీగని పట్టి లాగి వదలాలి, ప్రతి కంపనానికీ ఒకసారి. మరీ నొక్కితే వదలాల్సిన వేళకి వదలవు, తీగ గీరుతుంది. ఆనించకుండా విసిరితే ఈల వేస్తుంది. నాదం కావాలంటే కమాను వేగంగా, పొడుగ్గా లాగు, కాస్త తీగల్ని మోసే బ్రిడ్జి వైపు జరుపు. అక్కడ బరువు కొంచెం ఎక్కువే కావాలి. అది భుజం బిగిస్తే రాదు, చూపుడువేలు ఆనిస్తే వస్తుంది.

కమాను మొదలు దగ్గర, చెయ్యి పట్టే వైపు, దాని బరువే ఎక్కువ, చిటికెనవేలు దాన్ని కాయాలి. కొసకి పోయేకొద్దీ తేలికవుతుంది, చూపుడువేలు అందుకోవాలి. చెయ్యి తిరిగినవాళ్లకి ఈ చివర నుంచి ఆ చివరదాకా నాదం ఒకేలా పలికేది అందుకే. కొత్తవాళ్లు బొటనవేలు కర్రలా బిగిస్తారు, ఇక బరువు మారేదెక్కడ?

కొస దగ్గర నీ మోచెయ్యి విచ్చుకోదు, భుజం వెనక్కి పోతుంది. కమాను వంకరై, ఎడమచేతి వేళ్లు నొక్కే ఫింగర్‌బోర్డు మీదికి జారుతుంది, నాదం పల్చబడుతుంది, నువ్వు మళ్లీ నొక్కుతావు! సాధనయ్యాక తీగల మీద, కమానుకి రాసే రోజిన్ పొడి చూడు. సన్నటి పట్టీలా ఉంటే సరే. ఫింగర్‌బోర్డు మీదికి పరుచుకుంటే మర్నాడు అద్దం ముందు కూర్చో.

సరళీవరసలు కమానుకి ఒక స్వరం, రెండు, నాలుగు, ఎనిమిది చొప్పున వాయించు. మొదటి పాఠాలని నవ్వకు, కచేరీ అంటేనే ఇవి కావాలి. తోడి రాగంలో గాంధార స్వరం ఊపుతుండగా కమాను వెనక్కి తిప్పావో, ఊపు తెగుతుంది. ఫిడేలు విద్వాంసులు ద్వారం వెంకటస్వామి నాయుడిగారి రికార్డులు పెట్టుకుని, కమాను తిరిగిన చోటు చెవికి దొరుకుతుందేమో చూడు.

పాడేవారు రాగం అందుకున్నప్పుడు సగం కమానుతో వెంట నడు. నీ వంతొచ్చాకే నిండు కమాను.

మైకు అబ్బాయిని పిలిచి ఒక స్పీకరు నీ వైపు తిప్పమను. మొహమాటపడ్డావంటే అదీ మృదంగం వైపే తిప్పుతాడు.

మీ పెదనాన్న