ఆర్‌సీసీబీ పడిపోతోందని తీసేయకండి

ప్రశ్న: మాది విజయనగరం. పాతికేళ్ల నాటి డాబా ఇల్లు. ఈ మధ్యే మేడ మీద రెండు గదులు, బాత్రూం వేయించాం. మేస్త్రీ తీసుకొచ్చిన కుర్రాడే వైరింగు చేశాడు, అతనికి పర్మిట్ లేదని తర్వాత తెలిసింది. కింది బోర్డులోంచి 1.5 (చదరపు మిల్లీమీటర్ల మందం) వైరు ఒకటి లాగి గీజర్, ఏసీ, లైట్లు అన్నిటికీ ఇచ్చాడు. ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్చి) మాటిమాటికీ పడిపోతోందని దాన్ని తప్పించి డైరెక్టుగా కలిపేశాడు. గీజర్ వేసి కుళాయి ముట్టుకుంటే జివ్వుమంటోంది. ప్లగ్గు దగ్గర కాలిన వాసన వస్తోంది. టైల్స్, రంగులు అన్నీ అయిపోయాయి. మళ్లీ పగలగొట్టాల్సిందేనా?
– ఒక పాఠకురాలు, కంటోన్మెంట్

జవాబు: పగలగొట్టే సంగతి తర్వాత చూద్దామమ్మా. ముందు మెయిన్ దించి గీజర్ ప్లగ్గు పీకేయండి. ఏసీ కూడా వేయకండి. కుళాయి జివ్వుమంటోందంటే గీజర్ కాయిల్ దగ్గర కరెంటు లీకవుతూ ఉండాలి, ఆ లీకును భూమిలోకి తీసుకుపోయే ఎర్తు కూడా సరిగా ఉండకపోవాలి. తడి చేతులతో ఉన్న మనిషికి ఇది ప్రాణం మీదికి తెచ్చే స్థితి. టెస్టర్ వెలగలేదు కదా అని ధైర్యపడొద్దు.

అసలు తప్పు ఆర్‌సీసీబీని తప్పించడంతో మొదలైంది. ఫేజులో వెళ్లిన కరెంటంతా న్యూట్రల్‌లో తిరిగొస్తోందా లేదా అని అది చూస్తుంది. ఇళ్లలో పెట్టేది 30 మిల్లీ ఆంపియర్లది, తేడా అంతకు చేరితే సరఫరా ఆపేస్తుంది. 10 ఆంపియర్ల ఎంసీబీ (లోడు మించితే పడే స్విచ్చి) పడాలంటే పదివేల మిల్లీ ఆంపియర్లకు పైగా పారాలి. మనిషిని చంపడానికి అందులో వందో వంతు చాలు. ఎంసీబీ ఉన్నది వైరును కాపాడడానికి. అది ఉంది కదా అని ఆర్‌సీసీబీ మానేయడం కుదరదు.

ఆర్‌సీసీబీ ఎప్పుడు పడుతోందో గమనిస్తే తప్పు ఎక్కడుందో చాలావరకు తెలిసిపోతుంది. మేడ మీద ఒక్క లైటు వేయగానే పడిపోతుంటే, ఫేజు ఆర్‌సీసీబీ తర్వాత నుంచి, న్యూట్రల్ మాత్రం పాత లైన్లోంచి తెచ్చి ఉంటారు. పాత ఇంటికి కొత్త గదులు కలిపినచోట ఎక్కువగా కనబడేది ఇదే. గీజర్ వేస్తేనే పడితే కాయిల్‌ను అనుమానించండి. వాన పడినప్పుడే పడితే బయటి గోడ జంక్షన్ బాక్సులో చెమ్మ చేరిందన్నమాట. ఏ గది స్విచ్చి వేసినా పడుతుంటే ఎక్కడో న్యూట్రల్, ఎర్తు కలిసిపోయాయి. ఎర్తు లేని చోట కొందరు ప్లగ్గు వెనకాల ఎర్తు పిన్నును న్యూట్రల్‌కు ముడిపెట్టేస్తారు. ఆ న్యూట్రల్ తెగిందంటే గీజర్ ఒంటికి, ఫ్రిజ్ ఒంటికి నేరుగా 230 వోల్టులు వస్తాయి.

ఈ చివరి తప్పు వెతకడంలో అనుభవం ఉన్నవాళ్లు కూడా పొరబడుతుంటారు. ఎంసీబీలన్నీ దించి, ఒక్కొక్కటే లేపి చూస్తారు. మామూలు సింగిల్ పోల్ ఎంసీబీ తెంచేది ఫేజునే, న్యూట్రల్ అలాగే కలిసి ఉంటుంది. కాబట్టి మెయిన్ ఆపి, న్యూట్రల్ బార్ మీద నుంచి ఒక్కో వైరూ విప్పి, ఎర్తుతో కలిసిందేమో విడివిడిగా చూడాలి. ఆ తర్వాత ఇన్వర్టర్ సహా అన్నీ పీకేసి, బల్బులు తీసేసి 500 వోల్టుల మెగ్గర్‌తో (వైరు తొడుగులోంచి కరెంటు లీకవుతోందేమో కొలిచే మీటరు) పరీక్ష చేయించండి. ప్రతి లైనూ ఎర్తుకు కనీసం ఒక మెగా ఓమ్ చూపాలి. ఇది పర్మిట్ ఉన్న వైర్‌మెన్ చేయాల్సిన పని, ఇంట్లో ఎవరూ ప్రయత్నించొద్దు.

ఆ 1.5 వైరు విషయానికొస్తే, అది లైట్లు, ఫ్యాన్ల కోసం. 2 కిలోవాట్ల గీజర్ ఒక్కటే దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది. టన్నున్నర ఏసీ ఇంకో 7, 8. ఆ వైరు మీద 32 ఆంపియర్ల ఎంసీబీ ఉంటే వైరు కాలుతుంది గానీ ఎంసీబీ పడదు. మీ ఎంసీబీ మీద ఏ అంకె ఉందో చూడండి.

మేడకు విడిగా డిస్ట్రిబ్యూషన్ బోర్డు పెట్టించండి. కింది నుంచి దానికి 6 వైరు, 25 ఆంపియర్ల ఎంసీబీ. గీజర్‌కి, ఏసీకి వేర్వేరుగా 4 వైరు, 20 ఆంపియర్లు. పెద్ద ప్లగ్గులకు 2.5 వైరు, 16 ఆంపియర్లు. లైట్లకు 1.5 వైరు, 6 ఆంపియర్లు. అన్నీ రాగివే. బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, ప్రతి ప్లగ్గుకూ ఆకుపచ్చ ఎర్తు వైరు తప్పనిసరి. కాలిన సాకెట్టు మార్చి, వైరు నల్లబడినంత మేర కత్తిరించేయాలి.

ఇక పగలగొట్టడం. పాత వైరు పైపులో కదులుతుంటే దాని కొసకే కొత్తది కట్టి లాగొచ్చు. కదలకపోతే పైపు నలిగిపోయి ఉండాలి, లేదా పైపు లేకుండానే వైరును సిమెంటులో పూడ్చేసి ఉండాలి. అప్పుడు దాన్ని రెండు కొసలా తెంచి అలాగే వదిలేసి, గోడ మీద పీవీసీ కేసింగ్‌లో కొత్త లైను తీయించండి. టైల్స్ జోలికి వెళ్లక్కర్లేదు. చూడ్డానికి అంత బాగోదు, నిజమే. కానీ అతుకు ఎక్కడుందో కంటికి కనబడుతుంది.

మంజూరైన లోడు మీ బిల్లు మీదే ఉంటుంది. గీజర్, ఏసీ కలిశాక అది సరిపోకపోతే విద్యుత్ పంపిణీ సంస్థ ఈపీడీసీఎల్‌కు అదనపు లోడు కోసం దరఖాస్తు పెట్టండి. వివరాలకు 1912. పని ఇచ్చే ముందు కాంట్రాక్టరు లైసెన్సు చూపించమని అడగండి. పని అయ్యాక మెగ్గర్, ఎర్తు రీడింగులు, ఏ ఎంసీబీ ఏ గదిదో తెలిపే పట్టిక సంతకంతో రాయించుకోండి. డబ్బు పూర్తిగా ఇచ్చేది అప్పుడే.

ప్రశ్న: తుఫానుకు కరెంటు పోతే చిన్న జనరేటర్‌ను రెండువైపులా ప్లగ్గున్న వైరుతో గోడ సాకెట్టుకు పెడుతున్నాం. ఫరవాలేదా?
– ఒక పాఠకుడు, సోంపేట

జవాబు: వెంటనే మానేయండి బాబూ. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు మీ వైపు రోజుల తరబడి స్తంభాల మీద మనుషులు పనిచేశారు. మీరు మెయిన్ దించడం మరిచారంటే మీ జనరేటర్ కరెంటు వెనక్కి ట్రాన్స్‌ఫార్మర్‌కు చేరి, అవతల 11 వేల వోల్టుల లైనుకు ఎక్కుతుంది. లైను చచ్చిందనుకుని దాన్ని పట్టుకున్న లైన్‌మెన్ ఏమవుతాడో ఆలోచించండి. పీకిన ప్లగ్గు పిన్నుల్లో కూడా కరెంటు ఉంటుంది, పిల్లలు తాకితే అంతే. మీటరు తర్వాత ఫేజు, న్యూట్రల్ రెండూ మారే డబుల్ పోల్ ఛేంజోవర్ స్విచ్ పెట్టించండి. అప్పటిదాకా ఫ్రిజ్‌నో ఫ్యాన్‌నో ఎక్స్‌టెన్షన్ బోర్డుతో జనరేటర్‌కే నేరుగా తగిలించుకోండి. జనరేటర్‌ను వాన తగలని చోట పెట్టాలి గానీ ఇంట్లోనో, మూసిన వరండాలోనో కాదు. దాని పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది.