సంతకానికి ముందు, మానేసినవాళ్లతో మాట్లాడండి

ఫ్రాంచైజీల మీద ఈమధ్య ఉత్తరాలు బాగా వస్తున్నాయి. ఒకేలా ఉన్నవాటిని కలిపేసి, ఐదింటికి ఇక్కడ జవాబు రాస్తున్నాను. పేర్లు వేయవద్దని చాలామంది కోరారు, అందుకని ఎవరి పేరూ వేయలేదు.

ప్రశ్న: నమస్కారం సర్. ఇరవై ఏళ్లకు పైగా ఉద్యోగం చేసి ఈమధ్యే స్వచ్ఛంద పదవీ విరమణ తీసుకున్నాను. చేతికొచ్చిన డబ్బుకు కొంత బ్యాంకు లోన్ కలిపి పేరున్న కంపెనీ ఫ్రాంచైజీ తీసుకుందామని ఉంది. 18 నెలల్లో పెట్టుబడి మొత్తం వెనక్కి వచ్చేస్తుందని వాళ్ల మనిషి లెక్క వేసి చూపించాడు. మా ఏరియాకు ఇంకో ఇద్దరు లైన్లో ఉన్నారట, ఈ వారంలో టోకెన్ అడ్వాన్స్ కట్టకపోతే వాళ్లకు ఇచ్చేస్తామంటున్నాడు. కట్టమంటారా?

జవాబు: ఈ వారం మాత్రం కట్టకండి సర్. ‘ఇంకో ఇద్దరు లైన్లో ఉన్నారు’ అన్న మాట ఫ్రాంచైజీ అమ్మే మనిషి ఎవరొచ్చినా అంటాడు. ఒకవేళ నిజంగానే ఉన్నారనుకోండి, వాళ్లు తీసుకుంటే మీ డబ్బు మీ దగ్గరే ఉంటుంది, అంతకంటే పోయేదేం లేదు.

అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ అనే ప్రభుత్వ సంస్థ పెట్టిన రూల్ ఒకటి 1979 నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం ఫ్రాంచైజీ అమ్మే కంపెనీ తన మీద ఉన్న కోర్టు కేసులు, వసూలు చేసే ఫీజులు, ఎన్ని అవుట్‌లెట్లు తెరిచారు, ఎన్ని మూశారు, ఆడిట్ అయిన లెక్కలు, ఇలా 23 అంశాలతో ఒక పత్రం ఇవ్వాలి. అది మీ చేతికి ఇచ్చాక కనీసం 14 రోజులు గడిచేదాకా సంతకం పెట్టించకూడదు, డబ్బూ తీసుకోకూడదు. ఆస్ట్రేలియాలోనూ ఇలాంటి 14 రోజుల గడువే ఉంది. భారతదేశంలో ఫ్రాంచైజీలకంటూ విడిగా చట్టం లేదు, కాంట్రాక్టు చట్టం, ట్రేడ్‌మార్కుల చట్టం లాంటివాటితోనే నెట్టుకురావాలి. కాబట్టి ఆ 14 రోజులు మీరే తీసుకోండి. ఆ 23 అంశాలు నెట్‌లో దొరుకుతాయి, వాటినే ప్రశ్నలుగా మార్చి కంపెనీకి ఈమెయిల్ పెట్టండి. దేనికి జవాబు దాటేశారో చూసుకుని అక్కడే ఇంకాస్త తవ్వండి.

ఇక ఆ 18 నెలల లెక్క. దాన్ని కంపెనీ లెటర్‌హెడ్ మీద రాసి సంతకం చేసి ఇమ్మని అడగండి, వాళ్ల ముఖం చూస్తే చాలు మీకు అర్థమైపోతుంది. పైగా చాలా అగ్రిమెంట్లలో ‘ఆదాయం విషయంలో కంపెనీ నాకు ఏ హామీ ఇవ్వలేదు, ఇందులో రాయని మాటలేవీ చెల్లవు’ అని మీ చేతే ఒప్పించే క్లాజు ఉంటుంది. అంటే రేపు గొడవ వస్తే ఆ మనిషి చూపించిన లెక్కకు చిత్తు కాగితం పాటి విలువ కూడా ఉండదు.

మీ లెక్క మీరే వేయండి. రాయల్టీని, అంటే బ్రాండ్ పేరు వాడుకున్నందుకు కట్టే వాటాను, చాలా కంపెనీలు అమ్మకాల మీద తీసుకుంటాయి, లాభం మీద కాదు. ఇది అందరికీ తెలుసు, కానీ దాని దెబ్బ ఎలా ఉంటుందో లెక్క వేసేదాకా తెలియదు. ఊరికే ఉదాహరణకు, నెలకు అమ్మకాలు 100 అనుకుందాం. సరుకుకు 40, అద్దె 15, జీతాలు 18, కరెంటూ మిగతా ఖర్చులూ 9, రాయల్టీ 6, ప్రకటనల ఫండ్ 3. అంతా కలిపితే 91. మిగిలిన 9లోంచి బ్యాంకు వాయిదా 7 పోతే మీకు 2. ఇప్పుడు అమ్మకాలు 85కి పడ్డాయనుకోండి. సరుకు ఖర్చు 34కి తగ్గుతుంది, అద్దె, జీతాలు, కరెంటు అలాగే ఉంటాయి, రాయల్టీ, ప్రకటనల ఫండ్ కలిపి కంపెనీ వాటా 7.65 అవుతుంది. వాయిదా కట్టాక మీకు అయిదున్నర పైనే నష్టం. ఒకే నెలలో కంపెనీకి 9 బదులు ఏడున్నర వచ్చింది, మీరేమో ఇంట్లోంచి డబ్బు తెచ్చి పెడుతున్నారు. కంపెనీ మోసం చేసిందని కాదు, లెక్క కట్టిన పద్ధతే అలాంటిది. వాళ్లు వేసి ఇచ్చిన ఎక్సెల్ షీట్‌లో అమ్మకాలను మూడో వంతు తగ్గించి మళ్లీ లెక్క వేయండి, అప్పటికీ ఎన్ని నెలలు తట్టుకోగలరో ఆ డబ్బు షాపు పెట్టకముందే విడిగా ఉండాలి. చాలామంది ఉన్నదంతా ఇంటీరియర్‌కీ ఫీజుకీ పోసేసి, రోజువారీ ఖర్చులకు కావాల్సిన వర్కింగ్ క్యాపిటల్ దగ్గరికొచ్చేసరికి చేతులెత్తేస్తారు.

అన్నిటికంటే పనికొచ్చేది ఇంకోటుంది. కంపెనీవాళ్లు తమకు నచ్చిన నలుగురు ఫ్రాంచైజీ ఓనర్ల నంబర్లు ఇస్తారు, వాళ్లు బాగుందనే చెప్తారు. మీరు వెతకాల్సింది మానేసినవాళ్లను. అమెరికా పత్రంలో గడిచిన ఏడాదిలో బయటికి వెళ్లిపోయినవాళ్ల వివరాలు కూడా ఇవ్వాలన్న నిబంధన ఉంది, ఊరికే పెట్టలేదు దాన్ని. మన దగ్గర కంపెనీ ఇవ్వకపోతే పాత అవుట్‌లెట్లు ఎక్కడ మూతపడ్డాయో పక్క షాపులవాళ్లను అడిగితే చెప్తారు. దొరికినవాళ్లను ‘లాభం వచ్చిందా’ అని అడగకండి, ఎవరూ సూటిగా చెప్పరు. ఎందుకు మానేశారు, డిపాజిట్ వెనక్కి ఎన్నాళ్లకు వచ్చింది, చెప్పినదానికంటే సెటప్ ఖర్చు ఎంత పెరిగింది, మీ జీతం మీరు ఎన్నో నెల నుంచి తీసుకోగలిగారు, ఇవి అడగండి. రిటైర్మెంట్ డబ్బు కాబట్టి ఇంకోటి కూడా చూసుకోండి సర్, అగ్రిమెంట్‌లో ‘పర్సనల్ గ్యారంటీ’ ఉందేమో. ఉంటే, మీరు కంపెనీ రిజిస్టర్ చేసుకుని దాని పేరు మీద షాపు నడిపినా బాకీ మీ ఇంటిదాకా వస్తుంది. లాయర్‌కి ఇచ్చే ఫీజు దగ్గర మాత్రం పిసినారితనం వద్దు.

ప్రశ్న: సర్, మా ఆయన, నేను ఇద్దరం ఉద్యోగాలు చేస్తున్నాం. ఒక కంపెనీ ‘ఫోకో’ మోడల్ అంటోంది. డబ్బు మనం పెడితే చాలట, షాపు అంతా వాళ్లే నడిపి ప్రతి నెలా గ్యారంటీ మొత్తం మన అకౌంట్‌లో వేస్తారట. టెన్షన్ లేదు కదా అని మా ఆయన అంటున్నారు.

జవాబు: అమ్మా, టెన్షన్ ఉంది, కాకపోతే అది కొన్నాళ్లు ఆగి వస్తుంది. పెట్టుబడి మనది, నడపడం కంపెనీది అన్న పద్ధతిలో తప్పేం లేదు, చాలా పేరున్న బ్రాండ్లు కూడా చేస్తాయి. నాకు అనుమానం వచ్చేది ‘గ్యారంటీ’ దగ్గరే. షాపు కొత్తగా తెరిచిన నెల నుంచే, అమ్మకాలు ఎలా ఉన్నా ఒకే మొత్తం వేస్తున్నారంటే ఆ డబ్బు ఎక్కడినుంచి వస్తోందని అడగాలి. కొత్తగా చేరినవాళ్ల ఫీజులోంచి పాతవాళ్లకు ఇస్తున్నారంటే చేరేవాళ్లు ఆగిన రోజున అదీ ఆగుతుంది. కంపెనీ ఆడిట్ లెక్కలు తీసి చూడండి. ఆదాయంలో రాయల్టీ, సరుకు అమ్మకాల వాటా ఎంత, కొత్త ఫ్రాంచైజీలు అమ్మిన ఫీజు ఎంత? రెండోదే ఎక్కువుంటే ఆ కంపెనీ అసలు వ్యాపారం షాపులు నడపడం కాదు, షాపులు అమ్మడం. ఇంకా, వాళ్లకు సొంత డబ్బుతో నడిపే అవుట్‌లెట్లు ఎన్ని ఉన్నాయో, అవి ఎన్నేళ్లుగా నడుస్తున్నాయో అడగండి. అంత లాభమున్న వ్యాపారమైతే నాలుగైదైనా తమ దగ్గర ఉంచుకోవాలి కదా. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో రోజువారీ అమ్మకాలు మీరు మీ ఫోన్లో చూసుకునే వీలు ఉండాలని అగ్రిమెంట్‌లో రాయించండి. ఒప్పుకోకపోతే వదిలేయండి.

ప్రశ్న: నేను రెండేళ్లుగా ఫ్రాంచైజీ నడుపుతున్నా. మొదట్లో బాగానే ఉండేది. ఈ ఏడాది కంపెనీ మా షాపుకు దగ్గర్లోనే ఇంకొకరికి ఇచ్చింది, తన యాప్‌లో నేరుగా ఆర్డర్లు తీసుకుంటోంది. సరుకంతా వాళ్ల దగ్గరే కొనాలి, బయటి రేటు తక్కువ. పైగా నెలనెలా డిస్కౌంట్ ఆఫర్లు. నేనేం చేయగలను?

జవాబు: ముందు అగ్రిమెంట్‌లో ‘టెరిటరీ’ క్లాజు తీసి నింపాదిగా చదవండి. ‘ఎక్స్‌క్లూజివ్’ అని ఉంటే ఏ హద్దు దాకా, ఆ హద్దులో కంపెనీ ఆన్‌లైన్‌లో అమ్ముకోవచ్చా అన్నది చూడాలి. పాత అగ్రిమెంట్లలో చాలావాటికి యాప్ అన్న ఊసే ఉండదు, అది మీకు వాదించడానికి పనికొస్తుంది. కంపెనీ తన హక్కులన్నీ అట్టిపెట్టుకున్నట్టు రాసి ఉంటే మాత్రం మీ చేతిలో పెద్దగా ఏం లేదు, యాప్‌లో మీ ఏరియా నుంచి వచ్చిన ఆర్డర్లలో వాటా ఇమ్మని బేరమాడటమే.

డిస్కౌంట్ల సంగతి మీ ఒక్కరి బాధ కాదు. 2009లో అమెరికాలో బర్గర్ కింగ్ ఫ్రాంచైజీల సంఘం కంపెనీ మీదే కోర్టుకు వెళ్లింది. డబుల్ చీజ్‌బర్గర్‌ను ఒక్క డాలర్‌కే అమ్మాలని కంపెనీ పట్టుబట్టింది, తయారీకే డాలర్ పైన అవుతోందని వీళ్ల వాదన. కంపెనీకి అమ్మకాలు పెరిగితే రాయల్టీ పెరుగుతుంది, ఓనర్‌కేమో అమ్మిన ప్రతిదాని మీదా నష్టం. అందుకే రాయల్టీని డిస్కౌంట్‌కు ముందు ధర మీద కడుతున్నారా, తర్వాత ధర మీదా, డెలివరీ యాప్ కమిషన్ తీసేశాకనా అన్నది మీ స్టేట్‌మెంట్లు తీసి ఒకసారి చూడండి. చాలామంది అసలు చూడరు.

సరుకు విషయంలో, నాణ్యత ఒకేలా ఉండాలి కాబట్టి తమ దగ్గరే కొనమనడంలో న్యాయం కొంత ఉంది, కానీ దాని మీద కంపెనీ వేసుకునే మార్జిన్ రెండో రాయల్టీ లాంటిదే. క్విజ్నోస్ అనే శాండ్‌విచ్ చెయిన్‌లో ఓనర్ల పెద్ద ఫిర్యాదు ఇదే, వేలల్లో ఉన్న షాపులు తగ్గుతూ వచ్చి 2014లో ఆ కంపెనీ దివాలా పిటిషన్ వేసింది. మీలాంటి ఓనర్లు ఇంకొందరిని కలుపుకుని మాట్లాడండి, ఒక్కరు అడిగితే పక్కన పెడతారు, ఇరవైమంది కలిసి అడిగితే మీటింగ్ పెడతారు. బయటికి రావాలనుకుంటే రాయల్టీ ఆపేసి గొడవకు దిగకండి, తప్పు మీ వైపుకు వచ్చేస్తుంది. ఎగ్జిట్ క్లాజు, లాకిన్ పీరియడ్ (మధ్యలో మానేయడానికి వీల్లేని గడువు), షాపును ఇంకొకరికి అమ్ముకునే వీలు, దానికి ట్రాన్స్‌ఫర్ ఫీజు చూసుకోండి. మానేశాక అదే వ్యాపారం సొంత పేరుతో చేయకూడదన్న షరతు కూడా ఉండొచ్చు. భారత కాంట్రాక్టు చట్టంలోని 27వ సెక్షన్ వల్ల గడువు ముగిశాక అలాంటి షరతులు కోర్టులో సాధారణంగా నిలబడవు, కానీ గడువు నడుస్తుండగా నిలబడతాయి. వాళ్ల రెసిపీలు, బోర్డు, పేరు వాడటం వేరే సంగతి, దాని జోలికి పోకండి.

ప్రశ్న: షాపు స్థలాన్ని కంపెనీ లీజుకు తీసుకుని మాకు మళ్లీ అద్దెకు ఇస్తానంటోంది. మాకు పని తగ్గుతుంది కదా, ఒప్పుకోవచ్చా?

జవాబు: పని తగ్గుతుంది, పట్టు కూడా పోతుంది. 1955లో రే క్రాక్ అనే ఆయన మెక్‌డొనాల్డ్స్ ఫ్రాంచైజీలు అమ్మడం మొదలుపెట్టినప్పుడు అమ్మకాల్లో 1.9 శాతమే తీసుకునేవాడు, అందులో 0.5 శాతం ఆ హోటల్‌ను మొదట పెట్టిన మెక్‌డొనాల్డ్ సోదరులకు పోయేది, మిగిలిన దాంతో కంపెనీ నడవడమే కష్టమైంది. హ్యారీ సోన్‌బార్న్ అనే ఆయన ఇచ్చిన ఉపాయంతో 1956లో విడిగా ఒక సంస్థ పెట్టి స్థలాలు లీజుకు తీసుకుని ఓనర్లకు ఎక్కువకు అద్దెకివ్వడం మొదలుపెట్టారు. అప్పటినుంచి కంపెనీ నిలదొక్కుకుంది, ఎదురుతిరిగిన ఓనర్‌ను ఖాళీ చేయించే వీలూ దొరికింది. మీకైనా అంతే, అద్దె ఇంటికి సొంత డబ్బుతో గోడలు కట్టినట్టు అవుతుంది. మంచి సెంటర్‌లో స్థలం మీకు దొరక్క, కంపెనీకి దొరుకుతుంటే ఒప్పుకోవచ్చు. కాకపోతే అసలు అద్దె ఎంతో, మీ దగ్గర తీసుకునేది ఎంతో రాతలో ఉండాలి. లీజు మీ పేరు మీదే ఉంటే దాని గడువు, ఫ్రాంచైజీ గడువు ఒకేసారి ముగిసేలా చూసుకోండి. ఫ్రాంచైజీ అయిదేళ్లకు, లీజు తొమ్మిదేళ్లకు పెట్టుకుని మిగతా నాలుగేళ్లు ఖాళీ షాపుకు అద్దె కట్టేవాళ్లు ఉన్నారు.

ప్రశ్న: అన్నా, నాకు ఇరవై ఆరేళ్లు. సొంతంగా పెట్టడం మంచిదా, ఫ్రాంచైజీ మంచిదా?

జవాబు: తమ్ముడూ, ఒకరు చెప్పిన పద్ధతిలో రోజూ అదే పని చేయడం నీకు చిరాకైతే ఫ్రాంచైజీ వద్దు. మెనూ మార్చలేవు, రేటు మార్చలేవు, గోడ రంగు కూడా మార్చలేవు, కొన్నేళ్లకు కంపెనీ చెప్తే రెనోవేషన్ ఖర్చు నీదే. ఆ పద్ధతి మీదే నమ్మకం ఉండి, సొంతంగా కస్టమర్లను వెతుక్కునే భయం ఎక్కువుంటే అది నీకు పనికొస్తుంది. తేల్చుకోవడానికి ఒక మార్గముంది. ఆ బ్రాండ్ అవుట్‌లెట్ ఏదైనా చూసుకుని అందులో కొన్ని నెలలు ఉద్యోగం చెయ్యి. స్టాఫ్ చెప్పకుండా మానేసిన రోజున ఓనర్ ఏం చేస్తున్నాడో, మిగిలిపోయిన సరుకు ఎటు పోతోందో, నెలాఖరున కంపెనీ బిల్లు వచ్చినప్పుడు ఆయన ఏం మాట్లాడుతున్నాడో దగ్గరుండి చూస్తావు, పైగా జీతం వస్తుంది.