ఆడగుర్రం కొనే ముందు

చి. అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

అమెరికాలోని హారిస్‌బర్గ్ గుర్రాల వేలంలో ఒక ఆడగుర్రాన్ని కొని పిల్లల్ని తీయాలనుకుంటున్నావని అక్కయ్య చెప్పింది. చాలా సంతోషం. కానీ కేటలాగులో వంశం చదివి మురిసిపోకు. నువ్వు కొనబోయే స్టాండర్డ్‌బ్రెడ్ జాతి, అంటే బండి లాగుతూ పందెం పరిగెత్తే గుర్రాలు, దాదాపు అన్నీ 1849లో పుట్టిన హ్యాంబుల్టోనియన్ 10 అనే మగగుర్రం సంతతే, కాబట్టి వంశంలో ఆ పెద్ద తాత పేరు ఉండటం అక్కడ విశేషం కాదు. తల్లి, అమ్మమ్మ కన్నవాటిలో ఎన్ని పరుగుకొచ్చాయో, ఎన్నేళ్ళు కుంటకుండా పరిగెత్తాయో చూడు.

తర్వాత గుర్రం దగ్గరికి వెళ్ళు. మనవైపు సుళ్ళు చూసేవాళ్ళు. నువ్వు గిట్టల దగ్గర మొదలుపెట్టి పైకి చూడు. చదునైన నేల మీద నిలబెట్టించి ఎదురుగా చూస్తే, భుజం నుంచి తాపీమేస్త్రీ గుండు వేలాడదీసినా మోకాలు, గిట్ట ఒకే వరసలో ఉండాలి. పక్క నుంచి చూసినప్పుడు మోకాలు వెనక్కి వంగి ఉందా, ఎంత చవకగా వస్తున్నా వదిలెయ్. ఆఖరి మలుపులో అలసిపోయినప్పుడు ఆ కీలు ఇంకా వెనక్కి పోయి, ముందువైపు ఎముకల అంచులు నొక్కుకుని చిట్లుతాయి. కాస్త ముందుకు వంగిన మోకాలంటే నాకంత భయం లేదు.

గిట్టల మొనలు బయటికి తిరిగి ఉంటే నడకలో కాలు లోపలికి ఊగుతుంది. పేసర్‌కి, అంటే ఒకే పక్క కాళ్ళు రెండూ కలిపి వేసే గుర్రానికి, ఇది మరీ చేటు, ముందు గిట్ట ఎదుటి మోకాలికి తగులుతుంది. మోకాళ్ళ లోపలివైపు వేళ్ళతో తడిమి చూడు. పాత దెబ్బలుంటే బొడిపెలు చేతికి తెలుస్తాయి. ట్రాటర్‌కైతే, అంటే ఒక పక్క ముందుకాలు, రెండో పక్క వెనకకాలు కలిపి వేసేదానికైతే, వెనక గిట్ట అదే పక్క ముందుకాలికి తగిలే ప్రమాదం ఎక్కువ, అందుకే పొట్టి వీపు, పొడుగు కాళ్ళు ఉన్న ట్రాటర్ నాకు నచ్చదు. వెనకకాలి మధ్యలో మడమలా ఉండే హాక్ కీలు వంపు పేసర్‌లో కొంచెమైతే ఓర్చుకుంటాను.

హాక్ ఎక్స్‌రే తప్పకుండా తీయించు. ఆ కీలులో మృదులాస్థితో పాటు చిన్న ఎముక ముక్క ఊడటం ఈ జాతిలో తరచు కనిపిస్తుంది. ముక్క తీయించేస్తే గుర్రం హాయిగా పరిగెత్తుతుంది, కానీ ఆ గుణం కొంతవరకు పిల్లలకు పోతుంది. పరుగుకు పనికొచ్చిన ప్రతి గుర్రమూ సంతానానికి పనికిరాదు.

ఇక స్టాలియన్, అంటే నీ గుర్రాన్ని దాటించే మగగుర్రం. జాకీ ఎక్కి పరిగెత్తించే థరోబ్రెడ్ జాతిలోలా కాకుండా ఇక్కడ కృత్రిమ గర్భధారణ చెల్లుతుంది. వీర్యం చల్లబరిచి దూరానికైనా పంపుతారు కాబట్టి అందరూ పేరున్న ఒకటి రెండింటి వెంటే పడతారు. నువ్వు పడకు. నీ గుర్రం గిట్టలు బయటికి తిరిగి ఉంటే, అదే లోపమున్న స్టాలియన్ వద్దు, లోపలికి తిరిగినదీ వద్దు. లోపం లోపాన్ని సరిచేయదు. తిన్నని కాళ్ళున్నదాన్నే వెతుకు. దాని పిల్లల్ని నాలుగింటినైనా కళ్ళారా చూశాకే డబ్బు కట్టు.

పిల్ల పుట్టగానే వంకర కనిపిస్తే కంగారు పడొద్దు, కానీ డాక్టర్‌కి చూపించడం ఆలస్యం చేయకు. గిట్టకు పైనున్న ఫెట్‌లాక్ దగ్గర ఎముక పెరుగుదల రెండు మూడు నెలల్లోనే దాదాపు ఆగిపోతుంది. ఆ తర్వాత సరిచేయడం కష్టం. మోకాలికి ఇంకొంచెం గడువుంటుంది.

చూలు పదకొండు నెలలు, అక్కడ ప్రతి పిల్లకీ వయసు జనవరి 1 నుంచే లెక్క. అందుకే ఫిబ్రవరిలోనే దాటించాలని చూస్తారు. చూలు లేని గుర్రాన్ని కొంటే డిసెంబరు మొదటినుంచి రోజుకు పదహారు గంటలు వెలుతురు పడేలా కొట్టంలో లైట్లు పెట్టించాలి, లేకపోతే ఎదకు రావడం ఆలస్యమవుతుంది. వేలం నవంబరులో గనక ఆ ఏర్పాటు ఇప్పుడే చూసుకో.

మీ మామయ్య