అసర్ వేరు, అసుర సంధ్య వేరు

సందేహం: మా మసీదులో నమాజు వేళల బోర్డు తెలుగులో రాయిస్తున్నాం. ‘అసర్’ మన ‘అసుర సంధ్య’ నుంచే వచ్చిందని ఒకరన్నారు. నిజమేనా? ‘నమాజు చదవడం’ సరైనదా, ‘చేయడం’ సరైనదా?
– ఒక పాఠకుడు, శ్రీకాకుళం

సమాధానం: చెవికి దగ్గరగా ఉన్నా ఆ రెండింటికీ చుట్టరికం లేదు. అసర్ అరబ్బీ మాట, పొద్దు వాలినా ఇంకా గుంకని వేళ అని అర్థం. ఆ వేళ చేసే నమాజుకూ అదే పేరు. అసుర సంధ్య పొద్దుగుంకి దీపాలు పెట్టే వేళ. అప్పుడు చేసేది మగ్రిబ్ నమాజు. అసర్‌ను అసుర సంధ్య అని రాస్తే, బోర్డు నమ్మి వచ్చినవారికి అసర్ వేళ దాటిపోతుంది.

అసర్‌ను నీడతో లెక్కగడతారు. మార్చి 21 ప్రాంతంలో శ్రీకాకుళంలో 12 అంగుళాల పుల్లను నిలువుగా పాతితే మిట్టమధ్యాహ్నం దాని నీడ సుమారు 4 అంగుళాలు. ఆ నీడకు పుల్ల పొడవు కలిసి 16 అంగుళాలైతే అసర్ మొదలు. ఇస్లాం ధర్మశాస్త్ర సంప్రదాయాల్లో ఒకటైన హనఫీ పద్ధతిలో పుల్లకు రెండింతలు కలపాలి, అంటే 28 అంగుళాలు. అందుకే ‘సాయంత్రం నమాజు’ అని రాసినా చిక్కే. అది అసరో మగ్రిబో తేలదు.

జొహర్‌ను ‘మిట్టమధ్యాహ్నం నమాజు’ అనడమూ పొరపాటే. పొద్దు సరిగ్గా నడినెత్తిన ఉన్నప్పుడు నమాజు చేయరు, అటు వాలాకే జొహర్ వేళ. ఫజర్ వేకువ వెలుగు నుంచి పొద్దుపొడిచే దాకా, ఇషా సందెవెలుగు పూర్తిగా పోయాక. ఈ అయిదు పేర్లనూ అలాగే ఉంచి, పక్కన గంటలు వేయించండి.

చుట్టరికం కావాలంటే ‘నమాజు’లోనే ఉంది. ఇది పారసీ మాట, సంస్కృత ‘నమస్’కు తోబుట్టువు. రెండింటి ధాతువుకూ వంగడమనే అర్థం. అరబ్బీలో దీన్ని సలాత్ అంటారు.

‘నమాజు చదవడం’ ఉర్దూ నుడికారం. అయినా తెలుగులో తప్పు కాదు. పుస్తకం చేతిలో లేకుండానే పద్యం చదువుతాం, మంత్రం చదువుతాం కదా! ఇళ్లలో ‘నమాజు చదివారా?’ అని అడిగేవారి తెలుగును దిద్దాల్సిన పని లేదు. ‘చేయడం’ అందరికీ తెలిసే మాట కనుక బోర్డుకు అది చాలు.

దిద్దాల్సింది ‘మైకులో నమాజు వినిపించింది’ అనే వాడుకను. వినిపించేది అజాన్, అంటే పిలుపు. జమాత్, అంటే అందరూ కలిసి చేసే నమాజు, ఆ తర్వాత నిలబడుతుంది. మగ్రిబ్‌కు ఈ ఎడం చాలా తక్కువ, మిగతావాటికి ఎక్కువ. కాబట్టి బోర్డులో ‘అజాన్’, ‘జమాత్’ అని రెండు వరుసలు పెట్టించండి. ఒకే వరుసలో గంట వేస్తే అది పిలుపుదో నమాజుదో కొత్తవారికి తెలియదు.

ఇంకొకటి, హైదరాబాదు క్యాలెండరు చూసి అంకెలు దించకండి. శ్రీకాకుళంలో పొద్దు అక్కడికంటే సుమారు 20 నిమిషాలు ముందే గుంకుతుంది. బోర్డు తలమీద ‘శ్రీకాకుళం వేళలు’ అని పెద్దక్షరాలతో రాయించండి.